కుండకు వెలుగు ఎటువైపు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి మూడేళ్ళ ముందు, వేసవి సెలవుల్లో, మార్కాపురంలో నాకొక అదనపు బాధ్యత అప్పగించారు. అప్పటికి అక్కడి ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచర్ని. సర్కారు బళ్ళలో ఒప్పంద పద్ధతిన తీసుకునే ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్ల ఎంపిక పరీక్షకు అభ్యర్థులను తయారు చేయాలి. డ్రాయింగు టీచరంటే పంద్రాగస్టుకు బోర్డు మీద జెండా బొమ్మ వేసే మనిషి అనుకునేవాళ్ళ మధ్య ఉద్యోగమంతా చేసినదాన్ని. మా విద్యకంటూ ఒక పరీక్ష ఉందంటేనే నాకు పండగైంది.

పరీక్షలో రెండు భాగాలు. మొదటిది గుర్తింపు. పేరూ ఊరూ చెప్పకుండా ఐరోపా చిత్రాల నకళ్ళు చూపిస్తారు. అవి పునరుజ్జీవన కాలానివా, అంటే రినైజాన్స్ నాటివా, అంతకు ముందువా చెప్పి, ఏ లక్షణాన్ని బట్టి చెప్పామో రాయాలి. రెండోది స్టిల్ లైఫ్, అంటే ఎదురుగా పెట్టిన వస్తువును వెలుగునీడలతో గీయడం.

వచ్చినవాళ్ళలో రమణమ్మ ఒకతె. పెద్దారవీడు దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చేది. పుట్టిల్లు మార్కాపురమే, తండ్రి పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అత్తగారింట్లో బోరు ఎండిపోయి బత్తాయి తోట కొట్టేశారు. ఈ పరీక్ష అంతకుముందే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయడానికి వీల్లేదు. ఆ సంగతి మొదటి రోజే చెప్పేసింది. చెప్పేటప్పుడు ఏడుపు మొహం పెట్టలేదు, అందుకే నాకు నచ్చింది.

పునరుజ్జీవన చిత్రాల లక్షణాలు ఆమెకు కంఠతా వచ్చు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. నకలు చేతిలో పెడితే మాత్రం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. బొమ్మలో మనిషికి బట్టల్లేకపోతే ఆ కాలానిదని, ఉంటే ముందుదని తేల్చేది. నేను నవ్వితే తనూ నవ్వింది.

నేనొక వరస చెప్పాను. ముందు పాదాలు చూడాలి. పాత చిత్రాల్లో మనుషులు దండెం మీద ఆరేసిన బట్టల్లా వేలాడుతుంటారు. పునరుజ్జీవన కాలపు మనిషి నేలమీద నిలబడతాడు. చంకన బిందె ఎత్తుకున్న ఆడమనిషిలాగా బరువు ఒక కాలి మీద వేస్తాడు, నడుము ఆ పక్కకు ఒరుగుతుంది. తర్వాత నేల. గట్టు మీద నిలబడి చూస్తే సాళ్ళన్నీ దూరాన ఒకచోట కలిసినట్టుంటాయి. ఆ చిత్రాల్లో గచ్చు గీతలూ గోడలూ అట్లాగే ఒక చుక్క దగ్గరికి పోతాయి. తర్వాత ముఖాలు. పాతవాటిలో అందరూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటారు, వీటిలో ఎవరి ముఖం వాళ్ళది. చివరికి వెలుగు. అది ఒక వైపు నుంచే వస్తుంది. ఆ వైపు తెలుపు, రెండోవైపు నీడ, అందుకే బొమ్మ గుండ్రంగా కనిపిస్తుంది.

పాదాలు, సాళ్ళు, ముఖాలు తొందరగానే పట్టేసింది. వెలుగు దగ్గర ఆగిపోయింది. కిటికీ పక్కన మట్టికుండ పెట్టి గీయమంటే, వెలుగు పడే వైపు పెన్సిలుతో నల్లగా రుద్ది, నీడవైపు తెల్లగా వదిలేసేది. చెప్తే తలూపేది, మళ్ళీ అదే పని. నాకు విసుగొచ్చి, అసలు బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. చిన్నప్పటినుంచీ ఇంట్లో, ఫ్యాక్టరీలో పారేసిన పలకల మీద, అంది.

అప్పుడు అర్థమైంది. పలక నలుపు, బలపం తెలుపు. పలక మీద గీసేవాళ్ళు వెలుగున్న చోట రుద్దుతారు, నీడను వదిలేస్తారు. కాగితం దగ్గరికొచ్చేసరికి అంతా తిరగబడుతుంది. ఇది మా ఊరి చేతులు చేసే పొరపాటు, ఇంకెక్కడా చూడలేదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. దాన్ని మాన్పించేంత వ్యవధి లేదు. మర్నాడు ఒక పలక తెప్పించి ఇచ్చాను. కుండ బంతిలాగా గుండ్రంగా వచ్చింది. పక్కనే ఒక నకలు పెట్టాను, చీకటిలోంచి సగం ముఖం మాత్రం వెలుగులోకి వచ్చే చిత్రం. ఆమె నకలును తన పలక పక్కకు జరిపి చూసింది.

"మేడం, ఈయన గూడ పలక మీద గీసినట్టే గీసినాడు. నల్లదాంట్లోంచి మనిషిని బయటికి తీసినాడు," అంది.

ఎన్ని పాఠాలు చెప్పినా ఆ మాట ఏ పిల్లా అనలేదు.

ఇక కాగితాన్నే పలకగా మార్చాం. బొగ్గుకడ్డీతో కాగితమంతా నలుపు చేసి, వెలుగున్న చోట రబ్బరుతో తుడిచి బొమ్మను తీయడం మా విద్యలో ఉన్న పద్ధతే. నిబంధనల్లో పెన్సిలు గాని బొగ్గు గాని వాడవచ్చని ఉంది.

పరీక్ష గిద్దలూరులో జరిగింది. నేను ఇన్విజిలేటర్ని, అభ్యర్థులతో మాట్లాడకూడదు. గుర్తింపు భాగం అయిపోయి కుండ ముందు పెట్టగానే రమణమ్మ కాగితం మూలమూలకూ మసి పూయడం మొదలుపెట్టింది. పర్యవేక్షణ అధికారి, మార్కులు వేసేవారిలో ఆయనా ఒకరు, నన్ను పక్కకు పిలిచారు.

"ఏందమ్మా, ఆయమ్మ పేపరు ఖరాబు చేసుకునింది. ఇంకో పేపరు ఇచ్చేదానికి రూల్సు లేవే," అన్నారు.

టైముంది కదా సార్, చూద్దాం అన్నాను. పైకి అలా అన్నాను గాని, లోపల భయమే. మొదట తప్పన్న అలవాటునే ఒప్పు చేసి పంపింది నేనే కదా.

రమణమ్మ కిటికీ వైపు చూసింది, కుండను చూసింది, రబ్బరు తీసుకుంది. ఒక పక్క తుడిచింది. కుండ బుగ్గ బయటపడింది. తర్వాత అంచు, తర్వాత మెడ. అధికారి ఒక చుట్టు తిరిగొచ్చి ఆమె వెనక నిలబడ్డారు. ఇంకో చుట్టు వెళ్ళలేదు.

"ఇంతసేపూ కుండ ఈ మసిలోనే ఉండిందా," అని మెల్లగా అన్నారు.

రమణమ్మ ఎంపికైంది. యర్రగొండపాలెం మండలంలో బడి ఇచ్చారు, ఇప్పటికీ అక్కడే చేస్తోంది. నేను నేర్చుకున్నది చిన్నదే. చేతి అలవాటును మాన్పించడం కన్నా, దానికి సరిపడే పద్ధతి వెతకడం తక్కువ పని. రిటైరయ్యేదాకా వెలుగునీడల పాఠాన్ని నేను కాగితంతో మొదలుపెట్టలేదు. ముందు పిల్లల చేతికి పలక ఇచ్చాను.