వాసన చూసి వేసిన ఉప్పు

మా అత్తగారింట్లో వంట చేసేవాళ్ళు రుచి చూడకూడదు. గరిటె నోటిదాకా వెళ్ళిందంటే వంటంతా ఎంగిలే. పెళ్ళయి కడపకు వచ్చిన కొత్తలో మా అత్త నన్ను పొయ్యి పక్కన నిలబెట్టి, పులుసు తెర్లేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చమనేది. "ఉప్పు సాల్లేదంటే వాసనే సెప్తాది మే," అనేది. నేను కర్నూలు పడమటి వైపు దాన్ని. మా పుట్టింట్లో అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూసేవాళ్ళం. ఈవిడదంతా చాదస్తం అనుకున్నాను. కానీ చూస్తుండగానే నాకూ ఆ విద్య అబ్బింది. ముందు చేతికి వచ్చినంత ఉప్పు వేయడం, తెర్లేటప్పుడు ఆవిరి పీల్చడం, చాలలేదనిపిస్తే ఇంకాస్త వేయడం. అత్త పోయాక కూడా నా వంట అలాగే సాగింది.

ఆ మధ్య నాకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ నా ముక్కునూ నోటినీ వెంట తీసుకుపోయింది. ఎర్రకారం నాలుక మీద పెట్టుకున్నా మట్టి పెట్టుకున్నట్టే ఉండేది. "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. కొత్త కొత్త వాసనలు చూస్తూ ఉండండి," అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. నేను తినలేకపోతున్నానని కాదు. మా బంధువుల్లో నా చేతి పులుసుకు పేరుంది. ఆ చెయ్యి ఇక పోయినట్టేనా అని ఏడ్చాను.

వంట మాత్రం మానలేదు. మానితే ఓడిపోయినట్టు కదా. మా ఆయన మారుమాట లేకుండా తినేవాడు. "ఎట్లుండాదప్పా?" అంటే, "బాగుండాది," అనేవాడు. ఆ మాటే నాకు ఆధారం. ముక్కు పోయినా చెయ్యి మరిచిపోలేదని ధైర్యం తెచ్చుకున్నాను. కాకపోతే ఆయనకు కొత్తగా దాహం పట్టుకుంది. అన్నం తిన్నాక చెంబు ఎత్తితే ఖాళీ అయ్యేదాకా దించేవాడు కాదు. చక్కెర జబ్బేమోనని పోరుపెట్టి రక్తపరీక్షకు పంపించాను. ఏమీ లేదన్నారు.

మా ఆయనది నాపరాళ్ళ వ్యాపారం. పొద్దంతా పాలిష్ మిషన్ల హోరులో ఉంటాడు కాబట్టి ఇంట్లో కూడా వీధికి వినబడేలా మాట్లాడతాడు. కొత్త వాసనలు చూడమని డాక్టరు చెప్పిన మాటను ఈయన తనకు కావలసినట్టు మలుచుకున్నాడు. "కొత్త తిండి తింటే నాలిక దానంతటదే లేస్తాది. అండమాన్‌కు పోదాం పా," అన్నాడు. సముద్రం మీద ఆయనకు ఎప్పటి నుంచో మోజు. నా నాలుక ఒక సాకు అయింది.

ఊరు కదిలితే ఎర్రకారం, మేం చెనిక్కాయలనే వేరుశనగల పొడి లేకుండా అడుగు పెట్టని వంశం మాది. రెండూ చేతిసంచీలోనే పెట్టుకున్నాను. చెన్నై విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి కారం డబ్బా తీసి పక్కన పెట్టింది. విమానంలోకి కారప్పొడి రానివ్వరట. "మేం ఎవరి కళ్ళల్లోనూ కొట్టం తల్లీ, అన్నంలో కలుపుకుంటాం," అని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. చెనిక్కాయల పొడి మాత్రం వదిలేసింది.

అండమాన్‌లో దిగి, పడవెక్కి ఒక ద్వీపానికి, కొన్నాళ్ళకు అంతకన్నా చిన్నదైన ఇంకో ద్వీపానికి వెళ్ళాం. అక్కడ తప్పక చూడాలని జనం చెప్పినవి చాలావరకు చూడలేదు. పొద్దున కొబ్బరిచెట్ల కింద కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఎండెక్కితే పడుకునేవాళ్ళం. సాయంత్రం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడేవాళ్ళం. మా ఆయన ఒడ్డున ఉన్న ప్రతి బండనూ వేలితో తట్టి, "పాలిష్‌కు పనికి రాదు," అని తేల్చేవాడు. ఇంత తీరిగ్గా మేమిద్దరం ఎన్నడూ లేము.

తిండి దగ్గర మాత్రం ఆయనకు తీరిక లేదు. ఆక్టోపస్ వేపుడు, కొబ్బరిపాలలో ఉడికించిన పీత, చేపగుడ్ల వడలు. పప్పులో చేప తలకాయ వేసి వండింది వస్తే, "మన పప్పుకు ఈ గతి ఎవరు పట్టిచ్చినారు మే?" అంటూనే గిన్నె ఖాళీ చేశాడు. ప్రతిదాంట్లోనూ ముందు ఒక ముద్ద నా నోట్లో పెట్టి, నా మొహంలోకి చూసేవాడు. పరీక్ష ఫలితాలు వచ్చేరోజు పిల్లల తండ్రుల మొహం ఎలా ఉంటుందో అలా ఉండేది ఆయన మొహం. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఒకచోట ఎండుచేపల పచ్చడి తెస్తే ఆ కంపుకు పక్క బల్ల వాళ్ళు లేచి వెళ్ళారు. నేను నిమ్మళంగా కూర్చుని తిన్నాను. ముక్కు లేనందుకు అదొక్కటే లాభం. ఆ పచ్చడి మింగేటప్పుడు గొంతులో ఏదో చిన్నగా చురుక్కుమంది. ఆయనకు చెప్పలేదు. ఉత్తదని తేలితే నాకన్నా ఆయనే ఎక్కువ బాధపడతాడు.

అయితే నాకు లోపల ఒకటి గుచ్చుకుంటూ ఉంది. ఆయన ఈ తిండిని లొట్టలు వేసుకుంటూ తింటున్నాడు, అడిగి అడిగి వడ్డించుకుంటున్నాడు. నా వంట అలా తిని ఎన్నాళ్ళయింది? ఇంట్లో ఆ "బాగుండాది"తో సరి. ఒళ్ళు మండింది. ఒకరోజంతా ముక్తసరిగా మాట్లాడాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

చిన్న ద్వీపంలో మేం ఉన్నది ఒక బెంగాలీ కుటుంబం ఇంట్లో. ఆ ఇంటావిడకూ నాకూ హిందీలో కుదిరింది. నాది కడపలో సాయిబుల ఇళ్ళ పక్కన నేర్చుకున్న హిందీ. బయల్దేరే ముందురోజు, మీ ఊరి వంట చేసి పెట్టమని ఆవిడ అడిగింది. ఇదే సందు అనుకున్నాను. మా ఆయన చేత నా వంటకు కూడా లొట్టలు వేయించాలని పట్టుదల పట్టి, వాళ్ళ ఎండుమిరపకాయలు నూరి, చింతపండు పిసికి చేపల పులుసు పెట్టాను. చేతికి వచ్చినంత ఉప్పు వేశాను. తెర్లుతుంటే వంగి ఆవిరి పీల్చాను. ఏమీ తెలియలేదు. నా చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బాలోకి వెళ్ళి ఇంకాస్త తెచ్చి వేసింది.

దించబోతుంటే ఆవిడ గరిటెతో కాస్త తీసి, చల్లార్చి, నా నోటి ముందు పెట్టింది. వండిన మనిషి తినందే వాళ్ళింట్లో ఎవరికీ పెట్టరట. మా అత్త గుర్తొచ్చింది. అయినా నోరు తెరిచాను.

ముందు నాలుక అంచున మంట తెలిసింది. ఆ వెనకే ఉప్పు వచ్చి పడింది. నోరంతా ఉప్పే. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాను. ఉమ్మేసి, ఏడుస్తూ నవ్వుతూ, "ఉప్పు! ఉప్పు తెలుస్తాండాది!" అని అరిచాను. కుర్చీలో కునుకు తీస్తున్న మా ఆయన ఉలిక్కిపడి లేచి వచ్చాడు. చెప్తే చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

అప్పుడు నాకు మెల్లగా వెలిగింది. ఆవిరి పీల్చడం, వాసన తెలియకపోతే ఉప్పు చాలలేదని ఇంకాస్త వేయడం. జ్వరం వచ్చిన నాటి నుంచి ప్రతి పూటా నేను చేసింది ఇదే. చెంబుల కొద్దీ నీళ్ళు గుర్తొచ్చాయి. ఈ ద్వీపాల్లో ఆయన గ్లాసుడు నీళ్ళతో లేస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ ఇట్లాంటిదే తింటివా?"

తల గోక్కున్నాడు. "తింటి."

"ఏమిటికి సెప్పలేదు?"

"సెప్తే నువ్వు పొయ్యి కాడికే పోవు. నాకు తెలీదా నీ సంగతి? బాగయినప్పుడు నీకే తెలుస్తాదిలే అనుకుంటి."

కోపం రావాలి. రాలేదు. ఆ ఇంటావిడ ముందే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

కడపకు వచ్చిన మర్నాడు సంగటి కెలికి, పులుసు పెట్టాను. అత్త ఫోటో వైపు చూడకుండా అరచేతిలో చుక్క వేసుకుని నాకాను. ఉప్పు సరిగ్గా కుదిరింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నా మొహం చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి నా వంటకు వంక పెట్టని మనిషి, భయం భయంగా అన్నాడు.

"ఏమనుకోవాకు మే. ఉప్పు సాల్లేదు."

అండమాన్ తిండికి అడ్డు చెప్పని ఆయన నాలుక, నా చేతి పులుసుకు మాత్రం ఆ అలవాటైన ఉప్పే అడుగుతోంది. నా నాలుక బాగయింది. నా కోసం ఆయన తన నాలుకను పాడుచేసుకున్నాడు. ఆయన ఉప్పు డబ్బా అందుకోబోతే తీసి దూరంగా పెట్టి, పక్కనే కూర్చుని, ఇంకో గరిటె పులుసు పోశాను.