సయాం చూసి వచ్చిన మా పెద్దమ్మ

మొన్న మంగళవారం నేను బడిలో ఫోర్తు ఫారం పిల్లలకు పాఠం చెబుతుండగా చాట్రాయి నుంచి మనిషి వచ్చి, మా పెద్దమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని చెప్పాడు. విస్సన్నపేట దాకా బస్సులో, అక్కడి నుంచి బండిలో వెళ్లాను. పెదనాన్న ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "మీ పెద్దమ్మ లేకపోతే నేను ఏనాడో పోయేవాణ్ణిరా" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

ఆ మాట వెనక ఉన్న కథ మా బంధువుల్లోనే చాలామందికి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలోనే వాళ్లిద్దరూ రంగూను వెళ్లారు. అక్కడి నుంచి సయాం రాజధాని బాంకాకు చేరారు. పెదనాన్న అక్కడ ఒక ఇంగ్లీషువాళ్ల టేకు కంపెనీలో గుమాస్తా. పెద్దమ్మకు చదువు లేదు. అయినా కూరలు బేరమాడుతూ బేరమాడుతూ ఆ దేశపు భాష నేర్చేసుకుంది. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది తిరిగొచ్చి, చాట్రాయిలో మామిడితోట చూసుకుంటూ ఉండిపోయారు. ఆవిడ అక్కడి అలవాటు మానక అన్నం చెంచాతో తినేది. ఒక వేసవిలో కొబ్బరిపాలు పోసి జిగురన్నం వండి, పక్కన మామిడిపండు ముక్కలు కోసి పెట్టింది. మేం మొహమొహాలు చూసుకున్నాం. తిన్నాక మాత్రం అందరం మళ్లీ అడిగి వేయించుకున్నాం.

ఆ పూటే, విస్తళ్లు తీశాక, వాళ్ల వీధిలోని పోలీసు అధికారి సంగతి చెప్పింది.

ఆయన సయాం దేశస్థుడే. అప్పుడప్పుడు వచ్చి ఆవిడ చేతి పప్పు తిని వెళ్లేవాడు. ఇంతలో యుద్ధం వచ్చి, జపాను సైన్యం అక్కడ దిగింది. ఒక పూట ఎదిరించి, సయాం చేతులెత్తేసింది. తర్వాత జపానుకు మిత్రదేశమై, ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధం కూడా ప్రకటించింది. కంపెనీలో పనిచేసినవాళ్లనందరినీ జపానువాళ్లు వెతకసాగారు. ఒక ఉదయం ఇద్దరు జపాను అధికారులు పెద్దమ్మ వాళ్ల వాకిట్లోకి వచ్చారు. వాళ్లతో ఈ పోలీసు అధికారి కూడా ఉన్నాడు.

"నడుం విరిగిపోతుందేమో అన్నంతగా వంగి వాళ్లకి దణ్ణం పెట్టాడురా. పెట్టి, మీ పెదనాన్న మెడ పట్టుకుని బయటికి గెంటాడు. చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టాడు. ఇంగ్లీషువాడి నౌకరు మా రాజ్యానికి శత్రువు, మా జైల్లోనే కుళ్లాలి, ఇంత చిన్న పనికి మీరెందుకు శ్రమపడటం అని వాళ్లకి చెబుతున్నాడు. నా అన్నం తిన్నవాడివి, నీ చేతులు పడిపోను అని నేను తెలుగులోనూ తిట్టాను, వాళ్ల భాషలోనూ తిట్టాను. నావంక చూడనే లేదు."

జపానువాళ్లు కాసేపు ఆలోచించి, సరేనని వెళ్లిపోయారట.

సయాం జైల్లో పెదనాన్నను ఎవరూ కొట్టలేదు. వారానికోసారి పెద్దమ్మ అన్నం తీసుకెళ్లేది. జపానువాళ్లు తీసుకెళ్లినవాళ్లలో కొందరి జాడ మళ్లీ తెలియలేదు. నెల తర్వాత జైలు గుమ్మం దగ్గర ఆ అధికారి ఎదురుపడి, మెల్లగా అన్నాడట: "ఆ రోజు మీరు బాగా తిట్టారమ్మా. అందుకే వాళ్లు నమ్మారు."

"అప్పుడు తెలిసిందిరా నాకు" అంది పెద్దమ్మ. "వాళ్ల చేతికి చిక్కకుండా చేయడానికే కట్టాడని."

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేడిలో ఉన్నాను. "ఎంత మంచి చేసినా, అలా వంగి దణ్ణాలు పెట్టడం పిరికితనం కాదా పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడకు కోపం రాలేదు. "పిరికివాడికి చేతులు వణుకుతాయిరా. ఆయన ముడి వేస్తుంటే నేను చూశాగా. వణకలేదు" అంది. మళ్లీ తనే, "సయాంవాళ్లు అందర్నీ కాపాడగలిగారని కాదు. వాళ్ల అడవుల్లోనే జపానువాడు రైలుదారి వేయించాడు. మన వైపు కూలీలు ఎందరు పోయారో అక్కడ. అది వాళ్లూ ఆపలేకపోయారు. చేతనైన చోట చేశారు" అంది.

యుద్ధం ముగిసింది. ఇంగ్లీషువాళ్లు తిరిగొచ్చారు. సయాం తమకు శత్రువేనని, మూల్యం చెల్లించాల్సిందేనని పట్టుబట్టారు. అమెరికా అంత గట్టిగా బిగించనివ్వలేదు. ఆ రోజుల్లోనే ఒక ఇంగ్లీషు అధికారి, జపానువాళ్లకు తోడ్పడినవాళ్ల మీద విచారణ చేస్తూ, పెదనాన్నను, పెద్దమ్మను పిలిపించి సాక్ష్యం అడిగాడు. ఆ పోలీసు అధికారి తలవంచుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడట. నిన్నటిదాకా జపానువాడికి భయపడి దాచిన నిజం, ఇప్పుడు ఎవరు చెబితే ఎవరు నమ్ముతారు? పెద్దమ్మే ముందుకు వెళ్లింది.

"మీ భర్త చేతులు కట్టింది ఇతనేనా?"

"ఇతనేనండీ. గట్టిగానే కట్టాడు. కట్టబట్టే నా పెనిమిటి ఇవాళ మీ ముందు నిలబడి ఉన్నాడు. మా కంపెనీవాళ్లలో జపానువాళ్లు తీసుకెళ్లినవాళ్లని కూడా పిలిపించి అడగండి, వస్తారేమో చూద్దాం."

దుబాసీ ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పాడు. అధికారి కాగితం మీద రాసింది కొట్టేసి, ఆ పోలీసును ఇంటికి వెళ్లమన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన పెద్దమ్మ ముందు ఆగి, చేతులు జోడించి, ఈసారి కొంచెమే వంగాడట.

నేను చరిత్ర పాఠాలు చెబుతాను. రాజ్యాల సంధులు, యుద్ధాలు నాకు నోటికి వచ్చు. ఒక చిన్న దేశం రెండు పెద్ద బలాల మధ్య ఎలా బతికి బయటపడిందో నాకు అర్థమయింది మాత్రం ఆవిడ మాటల్లోనే.

కిందటేడు కంటి వైద్యుడికి చూపించుకోవడానికి నూజివీడు వచ్చినప్పుడు మా బడికి కూడా వచ్చింది. ఖాళీ తరగతి గదిలో గోడకున్న ఆసియా పటం ముందు నిలబడి, "సయాం ఎక్కడరా?" అని అడిగింది. చూపించాను. చూపు సరిగా ఆనక బొటనవేలు దాని మీద పెట్టింది. దేశం మొత్తం ఆ వేలి కిందకు వచ్చేసింది. "ఇంతేనా?" అంది. నమ్మలేనట్టు అటు ఇంగ్లీషువాళ్లు ఏలిన దేశాలన్నిటినీ, ఇటు జపానునూ చూసింది. తర్వాత కింద ప్రాణమున్నదేదో నలుగుతుందేమో అన్నంత మెల్లగా వేలు ఎత్తి, ఆ దేశం ఇంకా ఉన్నదా లేదా అని వంగి చూసింది.