అంటని జబ్బు

మా నాయన ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా దులిపితే తెల్లగా పొట్టు రాలేది. అదంతా దూదే అనుకునేదాన్ని. మండుటెండల్లో కూడా ఆయనది నిండుచేతుల చొక్కానే. కంచం వేరు, తువ్వాలు వేరు, మంచం వసారాలో. నన్ను ఎత్తుకునేవాడు కాదు. పక్కింటాయన కూతుర్ని భుజాన కూర్చోబెట్టుకుని బజారుకు పోతుంటే కళ్ళప్పగించి చూసేదాన్ని. ఆడపిల్లనని గిట్టదేమో అనుకున్నాను. ఆ కోపం పెళ్ళయ్యాక కూడా చల్లారలేదు.

ఎమ్మిగనూరులో టీచరుగా చేరిన కొన్నేళ్ళకు నా మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. వాటి మీద తెల్లటి పొలుసులు. గీరితే పొలుసు ఊడి, కింద సూదితో పొడిచినట్టు రక్తపు చుక్కలు. చలికాలంలో తలకూ మోకాళ్ళకూ పాకేవి. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి సుద్దముక్క పట్టుకోవడమే గగనమయ్యేది. ముందు బెంచీ పిల్లలు వెనక్కి జరిగి కూర్చున్న రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

పుట్టింటికి పోయి మోచేతులు చూపించగానే నాయన గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నా వల్లనే పాపా. సిన్నప్పుడు నీకు ఫిట్సొస్తే ఎత్తుకోని ఆసుపత్రికి ఉరికినా. ఆ పొద్దే అంటింటాది నీకు."

చొక్కా చేతులు పైకి మడిచాడు. నావే ఆ మచ్చలు.

కోసిగి దగ్గర నాయన వాళ్ళ పల్లెలో వాళ్ళమ్మకూ ఇట్లాగే వచ్చిందట. కుష్ఠని చెప్పి ఊరి బయట పాకలో ఉంచి, గిన్నెను కర్రతో ముందుకు నెట్టేవారట. ఓ ఏడాది ఇంట్లోవాళ్ళంతా వలస కూలికి పోయినప్పుడు ఆ పాకలో ఒంటరిగా చచ్చిపోయింది. నేను పుట్టాక తన ఒంటి మీద అవే మచ్చలు చూసుకుని, ఎవరూ చెప్పకుండానే నాయన తనను తాను వెలివేసుకున్నాడు. అమ్మకు తెలుసు. నాతో చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

మర్నాడు ఆయన్ను బలవంతాన చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె నా మోచేతులు చూసింది, నాయన గోళ్ళ మీది గుంటలు చూసింది.

"ఇది సోరియాసిస్, కుష్ఠు కాదు. వంశంలో దిగుతుంది. అందరికీ రాదు. వచ్చే గుణం పుట్టుకతో ఉంటే, ఏ గొంతునొప్పో దెబ్బో దిగులో దాన్ని లేపుతుంది. పూర్తిగా పోదు గానీ మందులకు లొంగుతుంది."

"అంటుకోదా తల్లీ?" అన్నాడు నాయన.

"అంటుకోదు."

"ఒగే కంచంలో తిన్నా?"

"తిన్నా."

"బిడ్డను ఎత్తుకున్నా?"

డాక్టరమ్మ రాసేది ఆపి తలెత్తింది. "ఎత్తుకున్నా ఏం కాదు పెద్దాయనా."

ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. నేను పుట్టేటప్పటికే అది నా రక్తంలో ఉంది. ఇన్నేళ్ళు ఆయన దూరంగా ఉన్నది నన్ను దేన్నించీ కాపాడలేదు.

బస్టాండులో బెంచీ మీద ఆయన పక్కకు జరిగాను. ఆయన ఇంకా అవతలికి జరిగాడు.

"ఇంకా ఎందుకు నాయనా జరుగుతావు?" అని అందరి ముందూ అరిచాను.

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "బిడ్డను దగ్గరికి తీసుకునేది యెట్లనో నాకు తెల్దు పాపా" అన్నాడు.