చలిలో పెట్టిన కుండీలు

సిరిసిల్లలో ఈ ఏడు చలి ముందే దిగింది. పొద్దున కిటికీ మూసి, అరెకా పామ్ కుండీని హాల్లోకి జరుపుతుంటే తడిమట్టీ వేపపిండీ కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన తగిలితే చాలు, పద్మావతి మేడం ముందు తలెత్తలేకపోయిన రోజు గుర్తొచ్చి కుంచించుకుపోతాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మేడం జగిత్యాలలో మా ఇంటి ముందు భాగంలో అద్దెకుండేది. గోదావరి జిల్లా మనిషి, ఒంటరిది. కాలేజీలో నాకు బాటనీ చెప్పేది. నేనివాళ అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆమె చలవే. ఆమె గదుల నిండా పామ్ మొక్కలే. ఓసారి ఆకుల కొసలు ఎండాయని నేను కత్తెర పట్టుకుంటే చేయి ఆపింది.

"కొయ్యడానికేముందమ్మా, ఎవరైనా కోస్తారు. ఎందుకెండిందో ముందు చూడు. నీళ్లెక్కువయ్యాయా, చలి తగిలిందా? రాఫిస్ పామ్ అయితే చలికి ఓర్చుకుంటుంది. అరెకా ఓర్చుకోలేదు."

ఆ చలికాలం ఊరంతా రోడ్ల మీదే ఉంది. నేనూ రాస్తారోకోల్లో కూర్చున్నాను, గొంతు పోయేలా అరిచాను. దానికి సిగ్గుపడను. సిగ్గంతా మా ఇంట్లో జరిగినదానికే. "ఆంధ్ర మనిషిని ఇంట్ల పెట్టుకున్నవేందన్నా" అని వాడకట్టులో నలుగురూ దెప్పుతుంటే మా బాపు తట్టుకోలేకపోయాడు. అసలు మాట మొహం మీద అనడానికి ఆయనకు నోరు రాలేదు.

"ఏమనుకోకుండ్రి మేడం, గీ కుండీల నీళ్లకు గచ్చు ఖరాబైతున్నది. వేరే ఇల్లు చూస్కుంటే మంచిగుంటది," అన్నాడు నేలచూపులు చూస్తూ.

మేడం నిజమనే నమ్మింది. ఆ సాయంత్రమే కుండీలన్నీ వరండాలోకి ఈడ్చి గోనెసంచులు చుట్టింది. ఆ చలి గోనెసంచికి ఆగేదా? కొద్ది రోజులకే అరెకాలు మాడినట్టు నల్లబడ్డాయి. రాఫిస్ ఒక్కటే నిలిచింది. అప్పుడామె బాపునూ నన్నూ లోపలికి పిలిచి గచ్చు చూపించింది.

"చూడండి అన్నయ్యగారూ, చుక్క తడి లేదు. ఇక నేనుండొచ్చు కదండీ?"

అయ్యో, ఆ గచ్చు చీలి మమ్మల్ని మింగేసినా బాగుండేది! బాపు అసలు మాట చెప్పేశాడు. "గచ్చు గురించి కాదు మేడం. వాడకట్టోళ్లు మాటలంటున్నరు."

ఆమె వరండాలోని ఎండిన ఆకులకేసి చూసింది. "ఆ మాట ముందే చెప్పుంటే వీటినైనా బతికించుకునేదాన్ని," అంది. తిట్టినా కొంత నయంగా ఉండేది. తర్వాత కోరుట్లలో తోటి లెక్చరర్ ఇంటికి మారిపోయింది.

తెలంగాణ వచ్చిన రోజు ఆమే ఫోన్ చేసింది. "సాధించారమ్మా! నాన్నగారికివ్వు, ఓ మాట చెప్పాలి."

బాపు చేతులూపుతూ, "ఇంట్ల లేనని చెప్పు బిడ్డా," అన్నాడు గుసగుసగా. అబద్ధం నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇక్కడనే ఉన్నడు మేడం. మీతోని మాట్లాడనీకి మొకం చెల్లుతలేదట. నాక్కూడా."

"పర్లేదులే అని నేననలేనమ్మా," అంది మెల్లగా. "చాలా బాధపడ్డాను. అయినా ఫోన్ ఆయనకివ్వు."

బాపు ఫోన్ అందుకున్నాడు. చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ సిగ్గు నాలో ఇప్పటికీ ఉంది. ఎవరికైనా కాదని చెప్పాల్సొచ్చినప్పుడు అదే వచ్చి నా గొంతు పట్టుకుంటుంది. అసలు కారణం చెప్పేదాకా వదలదు.