మోత కింది చప్పుడు

కోదాడలో మా బామ్మర్ది సౌండ్ బాక్సులు కిరాయికి ఇస్తాడు. మొన్న నన్ను వాటి ముందు కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన ఇండస్ట్రియల్ రాక్ ఆల్బమ్ ఒకటి పెట్టాడు. ఇనుము మీద ఇనుము పడ్డట్టు దరువు, రంపంకోత లాంటి గిటారు, గొంతు చించుకునే మనిషి ఒకడు. కాళ్ల కింద నేల అదిరింది.

“ఎట్టా ఉంది బావా?”

“మంచిగున్నది. పాడినందుకు రైసుమిల్లుకు ఎంత ఇచ్చిండ్రంట?”

వాడు పడీపడీ నవ్వాడు. నేను మాత్రం మూడో పాటకల్లా కుర్చీలో నిలవలేకపోయాను. అంత మోతలోనూ నా చెవి ఎక్కడో సన్నగా గీరుకుంటున్న చప్పుడు కోసమే వెతుకుతోంది. ఆ జబ్బు నాకు సైదులన్న అంటించాడు.

ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నేను, పెళ్లయ్యాక మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో చేరాను. అక్కడి మిషన్లన్నీ చూసుకునే పెద్ద మిస్త్రీ సైదులన్న. తిరిగే బేరింగుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపలి రోగం చెప్పేవాడు. మొదటిరోజే నా చెవికీ పెట్టాడు.

“ఏమినబడ్తుందిరా?”

“నా పెండ్లి బ్యాండు అన్నా.”

“మస్కిరీలు తర్వాత. మోత అందరికీ ఇనబడ్తది. దాని కింద ఏమున్నదో ఇను.”

నాలుగేళ్లు విన్నాను. ఒక పొద్దున ఆయన అలాగే చెవి ఆనించి, అంతా బాగుందని తలూపాడు. పక్కన నిలబడ్డ నాకే బేరింగు పళ్లు కొరుకుతున్నట్టు వినిపిస్తోంది. ఆ మోతలో మేమంతా సైగలతోనే మాట్లాడుకుంటాం కాబట్టి, ఆయన చెవులు పోయాయని ఎవరికీ అనుమానం రాలేదు. మిల్లు సేటుకు తెలిస్తే ఆయన కొలువు ఖతం. ఊరుకుంటే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో. ఒక్క ఉరుకున పోయి స్విచ్ ఆపేశాను.

సేటు పరుగెత్తుకొచ్చాడు. బేరింగు పెనంలా కాలుతోంది.

“ఎవరు కనిపెట్టిండ్రు?”

“సైదులన్ననే సేటూ. నాకు సైగ జేసిండు.”

సైదులన్న నా పెదాలనే చూస్తున్నాడు.

“అబద్ధం సేటూ,” అన్నాడు. “ఆర్నెల్ల సంది నాకు ఇనబడ్తలేదు. గీనికి ఇనబడ్డది. ఇగ నా జాగల వీణ్ణి పెట్టుకో.”

ఇంకెవరినీ మాట్లాడనివ్వకుండా, తన ఊరు పెన్‌పహాడ్ పోతానని సంచి భుజాన వేసుకున్నాడు.

ఆ ఆల్బమ్ చివర మోతలన్నీ ఒక్కదెబ్బకు ఆగిపోతాయి. బామ్మర్ది హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు. నాకు స్విచ్ ఆపిన మిల్లు గుర్తొచ్చింది. ఇప్పుడు సూర్యాపేటలో నా మోటర్ల షాపుకు వచ్చేవాళ్లు నా నోటికి దడుస్తారు. ఎవరేమన్నా నా దగ్గర ఎదురుమాట తయారుగా ఉంటుంది. ఆ పొద్దున మాత్రం, ఆగిన మిల్లులోంచి గేటు దాకా ఆయన వెనకే నడిచాను. నేనేమన్నా ఆయనకు వినబడదు. అయినా ఒక్క మాట రాలేదు.