ముస్తాబైన వీధి

షట్టరు బాబాయి అంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం అందరూ నీళ్లు నమలాల్సిందే. పెద్దబజారులో దుకాణాలకు ఇనప షట్టర్లు బిగించడం, స్ప్రింగు వదులైతే సరిచేయడం, పట్టీ గాడిలో ఇరుక్కుంటే తట్టి లేపడం ఆయన పని. నడివయసులో బాబాయి అని పిలవడం మొదలుపెట్టారు. జుట్టంతా నెరిసి తాత వయసు వచ్చినా బాబాయిగానే ఉండిపోయాడు.

ఆయన భార్య అదే వీధి నడిమధ్యలో చిన్న కొట్టు నడిపేది. బొత్తాలు, జిప్పులు, దారాలు, లేసులు, సూదులు. అందుకని ఆమె బొత్తాల పిన్ని. ఎవరైనా చొక్కా పట్టుకొచ్చి ఒక బొత్తం ఊడిపోయిందంటే, ఆమె కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని సీసాలన్నీ కుమ్మరించి అచ్చం అలాంటిదే వెతికేది. దొరక్కపోతే చొక్కా ఉంచి వెళ్లమనేది. నాలుగు రోజుల తర్వాతయినా ఎక్కడో సంపాదించి పెట్టేది. ఒక్క బొత్తానికి ఇంత హైరానా ఎందుకే అని బాబాయి వేళాకోళం చేస్తే, తేడా బొత్తం పెట్టుకున్నవాడికి రోజంతా అక్కడే చూపు ఉంటుందండీ అనేది. ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడూ ఏదో ఒక నొప్పితో మూలిగే మనిషి, కొట్టు గుమ్మం ఎక్కగానే పదేళ్లు చిన్నదైపోయేది. పిల్లలు లేరు ఆ ఇద్దరికీ. ఆమెకు ఆ కొట్టే లోకం.

బాబాయికి ఒక అలవాటు ఉండేది. ఆ వీధిలో ఏ దుకాణమైనా ఇక చాలించుకుంటున్నామంటే ముందు ఆయనకే కబురొచ్చేది. వెళ్లి గాడులు కిరసనాయిలుతో తుడిచి, స్ప్రింగుకు గ్రీజు పట్టించి, షట్టరు తన చేత్తో దించి వచ్చేవాడు. ఆ పనికి కూలి పుచ్చుకునేవాడు కాదు. మళ్లీ ఎవరో ఒకరు వచ్చి తెరుస్తారు, అప్పుడు మొరాయించకూడదు అనేవాడు. మొదట్లో నిజంగానే ఎవరో ఒకరు వచ్చి తెరిచేవారు కూడా.

బస్టాండు ఊరి బయటికి తరలిపోయింది. దాంతో వీధికి పట్టిన దరిద్రం ఇంక వదల్లేదు. ముందు హోటలు పోయింది, తర్వాత ఫొటో స్టూడియో, చెప్పుల షాపు, బొమ్మల షాపు. నడిచేవాళ్ల నెత్తిన ఎండ పడకుండా దుకాణాల ముందు వేసిన రేకుల కప్పు చిల్లులు పడి, వాన కురిస్తే బయటకన్నా లోపలే ఎక్కువ కురిసేది. మిగిలిన నలుగురూ ఈగలు తోలుకుంటూ కూర్చునేవారు. బాబాయి పనీ పడిపోయింది. ఎత్తని షట్టరు పాడవదు కదా, ఇంక ఆయనతో పనేముంటుంది?

ఆ వరసంతా ఒకే యజమానిది. మంచివాడే పాపం, ఓపికపట్టినంత కాలం పట్టాడు. చివరికి వచ్చి మొహమాటం లేకుండా చెప్పేశాడు. పాత బజార్లను బాగుచేయడానికి ప్రభుత్వం నిధులు ఇస్తోందట. ఊళ్లో ఒక్క బజారుకే వస్తాయట. మన వీధికొస్తే కప్పు వేయిస్తారు, దీపాలు పెడతారు, రోడ్డు వేస్తారు, అద్దెలూ పెంచను, అందరూ హాయిగా ఉండండి. రాకపోతే మాత్రం నా వల్ల కాదు, వరసంతా కూలగొట్టి కార్లు నిలుపుకునే జాగాకు అమ్మేస్తాను. ఆ మాట విన్న రోజు పిన్ని అన్నం ముట్టలేదు. ఇంకోచోట కొట్టు పెడదాంలే అని బాబాయి అనబోయాడు. అంత అడ్వాన్సు, అంత అద్దె ఎక్కణ్నుంచి తెస్తారని ఆమె అడగలేదు, ఊరికే చూసింది.

మున్సిపాలిటీ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. మూతపడిన హోటలు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. పైనుంచి ఒక కమిటీ వస్తుంది, వీధి చూసి మార్కులు వేస్తుంది, మీరు ప్రత్యేకంగా ఏర్పాట్లేవీ చేయకండి, ఉన్నది ఉన్నట్టు ఉంచండి చాలు అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఏం చేస్తాం చెప్పండి. మన ఇళ్లకు వచ్చే చుట్టాలు కూడా అచ్చం ఇలాగే అంటారు. మా కోసం ఏమీ శ్రమపడకండి అంటారు. అన్నారు కదా అని ఎవరైనా చాపైనా దులపకుండా ఊరుకుంటారా? ఊరుకుంటే ఆ చుట్టాలే ఊరంతా టముకు వేయరూ? ఆ పిల్ల మాటలను వీధి మొత్తం మర్యాద మాటలుగానే తీసుకుంది. ఆమె జీపు మలుపు తిరగకముందే ఏర్పాట్ల గురించి మాట్లాడుకోవడం మొదలైంది.

ఆ ముస్తాబు ఆలోచన బాబాయిదే. చచ్చిన వీధికి డబ్బెవడు పోస్తాడు, ఇక్కడ ప్రాణం ఉందని చూపించాలి, మూసిన షట్టర్లన్నీ నేను లేపుతాను అన్నాడు. అందరూ ఎగిరి గంతేశారు. యజమాని తాళాలు ఇచ్చాడు. ఎన్నాళ్లనుంచో చేతిలో పని లేని మనిషి కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగాడు. ఒక్కో షట్టరు లేపుతూ, చూశారా, ఆనాడు గ్రీజు పెట్టబట్టి ఇవాళ వెన్నలా లేచింది అని మురిసిపోయాడు.

ఇంటికొచ్చి ఆ సంబరమంతా చెబుతుంటే పిన్ని దారపు ఉండలు సర్దుకుంటూ వింది. విని, తలెత్తకుండానే ఒక మాట అంది.

"జబ్బు చేసినవాడు డాక్టరు దగ్గరికి పౌడరు రాసుకుని వెళ్తాడా అండీ?"

బాబాయికి చిర్రెత్తుకొచ్చింది. నీకేం తెలుసు వ్యవహారాలు, అన్నిటికీ అపశకునం మాటలు నువ్వూనూ అని కసిరాడు. మర్నాడు ఆమే రంగు బొత్తాల సీసాలు మోసుకెళ్లి, ఖాళీగా ఉన్న బొమ్మల షాపు అలమరలో వరసగా పేర్చి వచ్చింది. దూరం నుంచి చూస్తే మిఠాయిల్లా మెరిశాయి.

కమిటీ వచ్చిన రోజు ఆ వీధి అందం చూసి తీరాల్సిందే. పెళ్లికళ వచ్చేసింది. చిల్లుల రేకులు కనపడకుండా కింద తెల్లగుడ్డ కట్టారు. మంగలి తన బావమరిదిని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ బావమరిది నెత్తిన వెంట్రుకలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, అయినా కత్తెర ఆడుతూనే ఉంది. బడ్డీకొట్టువాడి అత్తగారు స్టూడియోలో ఫొటో దిగడానికి కూర్చుని, కెమెరా లేదన్న సంగతి మరిచి నిజంగానే నవ్వు మొహం పెట్టింది. చుట్టాలూ పక్కాలూ సంచుల్లో పాత కాగితాలు కుక్కుకుని ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. ఒక పెద్దాయన అదే చెప్పుల జత మళ్లీ మళ్లీ బేరమాడి, ఆఖరికి ఆ ఊపులో పోట్లాట కూడా పెట్టుకున్నాడు. మధ్యలో బాబాయి ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్లికూతురి తండ్రిలా చేతులు నలుపుకుంటూ తిరిగాడు.

కమిటీలో ఒక పెద్దావిడ ఉంది. ఆమెకు ఏదో అనుమానం తగిలిందో, ఊరికే చూడాలనిపించిందో తెలియదు. మిగిలినవాళ్లు ముందుకు వెళ్తుంటే తాను ఆగి, బొత్తాల కొట్టులోకి తొంగి చూసింది. నిజంగా బతికున్న నాలుగు దుకాణాల్లో అదొకటి. లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. వీధి మొత్తం గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టింది. బాబాయి ఆవిడ వెనకే నిలబడ్డాడు.

"నిజం చెప్పమ్మా," అందావిడ నెమ్మదిగా. "వ్యాపారం ఎలా ఉంది?"

పిన్ని ఆవిడ వైపు చూసింది. తర్వాత ఆవిడ భుజం మీదుగా మొగుడి వైపు చూసింది. బాబాయి రెండు చేతులూ గుండె దగ్గర జోడించి, కళ్లతోనే బతిమాలుతున్నాడు. బాగుందని చెప్పు, ఈ ఒక్కసారికి నా మాట విను అన్నట్టు.

"బాగుందండీ," అంది పిన్ని. "దేవుడి దయ."

ఆవిడ తలూపి ఏదో రాసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ ఎంత కళగా ఉంది మీ వీధి అని మెచ్చుకుంది. ఆ మాటకు జనం ఉబ్బితబ్బిబ్బయ్యారు. బాబాయిని భుజాల మీద మోయడమొక్కటే తక్కువ. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు, చూశావా, పౌడరంటివే అని ఆయన పెళ్లాన్ని ఆటపట్టించాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో ఆయనకు అప్పుడు తెలియలేదు.

కొన్ని వారాలకు నిధులు వచ్చాయి, వెనక సందు బజారుకు. ఆ సందువాళ్లకు ఒకళ్లంటే ఒకళ్లకు పడదు. చీపురు ఎవరు పట్టాలన్న దగ్గరే తగవు తెగక, మురుక్కాలువ కూడా అలాగే వదిలేశారు. కమిటీ ముక్కులు మూసుకుని నడిచిందట. కబురు వినగానే బాబాయి ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, చేతులకు అంటిన గ్రీజు కూడా కడుక్కోకుండా మున్సిపాలిటీకి పరిగెత్తాడు.

ఆఫీసరమ్మ లేచి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. అంతా కక్కేశాడు. తెరిచిన షాపులు తెరిచినవి కావని, నడిచిన జనం జనం కాదని, బొమ్మల షాపులో బొమ్మలు లేవని, తన పెళ్లాం కొట్టులో రోజంతా కూర్చుంటే ఒక్కరు వస్తే ఎక్కువని చెప్పాడు. ఆ పిల్ల బల్ల వైపు చూస్తూనే చెప్పింది.

"వీధి ఎంత పాడుపడి ఉంటే అన్ని ఎక్కువ మార్కులు బాబాయ్ గారూ. అందుకే ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాను. మీ వీధి బాగానే నడుస్తోంది, సాయం అక్కర్లేదు అని కమిటీవాళ్లు రాశారు."

ఇప్పుడు వెళ్లి చెప్పచ్చు కదమ్మా అన్నాడు. డబ్బు మంజూరైపోయింది, ఆ సందులో పనులు కూడా మొదలయ్యాయి అంది. ఇప్పుడు చెప్తే మీరంతా కలిసి మోసం చేశారని రాయాల్సి వస్తుంది, ఇంక ఎప్పటికీ మీ వీధి పేరు ఎత్తరు అంది. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అయితే మాత్రం ఏం లాభం? బాబాయి గుమ్మం దిగి, ఇంటి దారి తెలియనివాడిలా చాలాసేపు మెట్ల దగ్గరే నిలబడ్డాడు. ఒక్కణ్ని కాదు, వీధికి వీధినే ముంచేశాను, చేతులారా ముంచేశాను అని ఆయనకు ఒకటే ఏడుపు వచ్చింది.

వీధిలో ఎవరూ ఆయనను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే కొంత బాగుండేది. మంగలి కత్తెరలు సంచిలో వేసుకుని వెళ్తూ వెళ్తూ, ఉంటా బాబాయ్ అన్నాడు, అంతే.

అందరికన్నా ఆఖర్న బొత్తాల కొట్టు ఖాళీ చేశారు. సీసాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. పిన్ని ఊడ్చింది. కూలగొట్టే గది నేల ఊడ్చడమేమిటని బాబాయికి అడగబుద్ధి కాలేదు. అలవాటు కొద్దీ ఆయన గ్రీజు డబ్బా తెచ్చి స్టూలెక్కాడు.

"ఎందుకండీ దండగ," అంది ఆమె. "దీన్ని మళ్లీ ఎవరు లేపుతారు?"

ఆయన స్టూలు మీదే ఆగిపోయాడు. ఇన్నాళ్లూ గొంతులో అడ్డుపడి ఉన్నది అప్పుడు బయటికొచ్చింది. నీకు ముందే తెలుసు కదే, ఆవిడ నిజం చెప్పమని అడిగింది కదే, మరి బాగుందని ఎందుకు చెప్పావు అన్నాడు. ఆమె చీపురు గోడకు ఆనించి, ఆయన వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు.

"అంతమందిలో మిమ్మల్ని అబద్ధాలకోరుని చేయమంటారా?"

బాబాయి దిగాడు. డబ్బా కింద పెట్టాడు. షట్టరు దించడానికి కొక్కెం అక్కర్లేదు, ఆ వీధి మొత్తంలో ఆయన అన్నిటికన్నా శ్రద్ధగా చూసుకున్న షట్టరు అదే. వేలు పెట్టి లాగితే చాలు, చప్పుడు లేకుండా దిగిపోయింది. తాళం వేసి, తాళంచెవి ఆమెకివ్వబోయి, యజమానికి అప్పజెప్పాలని గుర్తొచ్చి జేబులో వేసుకున్నాడు. అప్పటికే ఆమె చెయ్యి చాచి ఉంది. అది చూసి ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున కొట్టు వేళకు ఆమె తయారైంది. జుట్టు దువ్వుకుంది, కళ్లద్దాలు తుడుచుకుంది, నీళ్ల సీసా నింపుకుని చేతిసంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి, ఎక్కడికి బయల్దేరిందో గుర్తొచ్చి ఆగిపోయింది. సంచి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. బాబాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. పద, అలా కాసేపు నడిచొద్దాం అన్నాడు.

"ఎక్కడికి?" అంది ఆమె.

ఆయన లేవలేదు. ఆమె ఒళ్లోని సంచి తీసుకుని, నీళ్ల సీసా మూత సరిగా బిగిసిందో లేదో చూశాడు.