బొంబాయి కచేరీలో మా నాయన

మా ఎమ్మిగనూరు వీధిలో ఎవరి మగ్గమైనా ఉన్నట్టుండి ఆగిపోతే, పక్కింటి నుంచి కేకేసి అడగడం మర్యాద. "ఏమప్పా, పోగు తెగిందా?" అంటారు. "తెగిందన్నా, అతుకుతాండా" అని లోపలి నుంచి జవాబు వస్తుంది. అంతే, ఎవరి పనిలో వాళ్లు పడతారు. పనిలో కూర్చున్నవాణ్నే అలా అడుగుతారు. అరుగు మీద ఊరికే కూర్చున్నవాణ్ని ఆ మాట ఎవరూ అడగరు.

అన్న మగ్గం వదిలి, ఫిడేలు పట్టుకుని బొంబాయి వెళ్లాక నాయన అన్నతో మాట్లాడటం మానేశాడు. అన్న ఆదోనిలో ఒక అయ్యవారి దగ్గర నేర్చుకున్నాడు. బొంబాయిలో ముందు సినిమా పాటలకు వాయించాడు, తర్వాత దొరల సంగీతం వాయించే పెద్ద బృందంలో చేరాడు. నాయన మాత్రం పేరు కూడా ఎత్తేవాడు కాదు. "పని ఇడిసిపెట్టి పోయినోడు" అనేవాడు.

ఎనభైల మొదట్లో అన్న నాకొక క్యాసెట్ పంపించాడు. సింఫనీ అట, ఈ శతాబ్దంలోనే రాసిందట, దాన్నే కచేరీలో వాయించబోతున్నారట. నాయనను ఒక్కసారి తీసుకురమ్మని కబురు.

ఆదోని బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరి క్యాసెట్ పెట్టాను. దేవుడా! డోళ్లూ బాకాలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. పక్కింటి అత్త తొంగిచూసి, "ఏం పాపా, రేడియో సెడిపోయిందా?" అంది. ఏం చెప్పను? నాకే ఏడుపొచ్చింది. దీన్ని వినిపించి నాయన మనసు మార్చాలట!

అయినా పట్టు వదల్లేదు. రోజూ పెట్టాను. వినగా వినగా ఆ రభసలో సన్నటి ఫిడేళ్ల వరస ఒకటి చెవికి చిక్కింది. బాకాలు దాన్ని తొక్కేసేవి, అది ఇంకోచోట లేచేది. ఎక్కడ లేస్తుందా అని వెతుక్కోవడం మొదలుపెట్టాక సంగీతం నన్ను కొంచెం లోపలికి రానిచ్చింది. సరిగ్గా బాకాలు బాగా హెచ్చిన చోట టేపు ఒక పక్క అయిపోయేది. తిప్పి పెడితే, రెండో పక్క మొదట్లో ఆ వరస మెల్లగా వినిపించేది.

నేను పోరగా పోరగా నాయన ఒప్పుకున్నాడు. "నచ్చకుంటే మద్దెలో లేసి వచ్చేస్తా. ఆ పొద్దుతో వానికీ నాకూ సరి. మళ్ల నన్నేమీ అనగూడదు" అన్నాడు. ఆదోనిలో బొంబాయి రైలెక్కినప్పటి నుంచి నాకు ఒకటే దడ. లేచి వచ్చేస్తే అన్న ముఖం నేనెలా చూడను?

హాల్లో నాయన నా పక్కన తెల్ల పంచెతో, భుజాన తువ్వాలుతో కూర్చున్నాడు. వేదిక మీద ఫిడేళ్ల వాళ్ల మధ్య నల్లకోటులో అన్న. నాయన గుర్తుపట్టాడో లేదో, అడగాలంటే భయం. డోళ్లు మోగగానే నాయన భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. తువ్వాలు చేతికొచ్చిందంటే లేవబోతున్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను దాని కొస గట్టిగా పట్టుకున్నాను.

ఫిడేళ్ల కమానులన్నీ ఒక్కసారిగా లేచి దిగుతుంటే, టేపులో గోలగా విన్నది ఇక్కడ గోల కాదని తెలిసింది. ఒక్కో గుంపు తన మాట తాను చెబుతోంది, పక్కవాళ్లది వింటూనే. నాకైతే నచ్చేసింది. మరి నాయనకో? ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

బాకాలు హెచ్చాయి, హెచ్చాయి, అంతలో అంతమందీ ఒక్కసారిగా ఆగిపోయారు. క్యాసెట్ అయిపోయే చోటు అదే. అక్కడ అంత నిశ్శబ్దం ఉందని నాకూ తెలియదు.

నాయన లేచి నిలబడ్డాడు. తువ్వాలు నా చేతిలోంచి జారిపోయింది. అయిపోయింది, వెళ్లిపోతున్నాడు అనుకున్నాను. నాయన వేదిక వైపు చూసి, వీధి ఆ చివరికి వినబడేంత గొంతుతో కేకేశాడు.

"ఏమప్పా, పోగు తెగిందా?"

హాలు హాలంతా మా వైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. వేదిక మీద అన్న తలెత్తాడు. పెదవులు కదిలాయి, మాట మాత్రం మా దాకా రాలేదు. ఇంతలో ముందు నిలబడి బృందాన్ని నడిపించే ఆయన చేతిలోని సన్నపుల్ల ఎత్తాడు. అన్న ఫిడేలు చుబుకం కిందికి చేర్చుకున్నాడు. ఆ సన్నటి వరస మొదలైంది.

నాయన కూర్చుని, తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"అతుకుతాండాడు, ఉండు" అన్నాడు నాతో.